గేమ్ పెట్టగానే కంప్యూటర్ ఆరిపోతోందా?

మిక్సీలో గట్టిగా ఉన్న పప్పు రుబ్బుతుంటే మధ్యలో టక్కున ఆగిపోవడం మనందరికీ అనుభవమే. అప్పుడేం చేస్తాం? కంగారుపడం. జారు తీసి, మిక్సీ తిరగేసి, అడుగున ఉన్న ఎర్ర బటన్ నొక్కుతాం. పప్పు కాస్త తగ్గించి, నాలుగు చుక్కలు నీళ్ళు పోసి మళ్ళీ వేస్తాం. మిక్సీ చెడిపోలేదనీ, మోయలేని బరువు పడేసరికి మోటారు కాలిపోకుండా తనంతట తనే ఆగిందనీ మనకు తెలుసు. మరి పిల్లలు గేమ్ పెట్టగానే కంప్యూటర్ ఆరిపోతే మాత్రం "వైరస్ వచ్చింది", "ఆ గేములే కొంప ముంచాయి" అని ఎందుకంటామో!

మా ఇంట్లోనూ ఇదే గొడవ జరిగింది. మావాడు బి.టెక్ మొదటి సంవత్సరం. పండక్కి తాతయ్యా, మేనమామలూ ఇచ్చిన డబ్బులు కూడబెట్టుకుని ఆర్‌టీఎక్స్ 3060 అనే గ్రాఫిక్స్ కార్డు కొనుక్కున్నాడు. 2021లో వచ్చిన రకం అది. దాన్ని ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్లో పెట్టుకున్నాడు. ఇక అప్పట్నుంచీ మొదలు! సినిమా చూస్తే బాగానే ఉంటుంది, కాలేజీ ప్రోగ్రాములు రాసుకుంటే బాగానే ఉంటుంది. గేమ్ పెట్టి బొమ్మ తెరమీదికి రాగానే మాత్రం లైట్లన్నీ ఆరిపోయి ఊరుకుంటుంది.

"నేనేం చేయలేదు నాన్నా" అంటాడు వాడు. "అబద్ధాలు కూడా నేర్చావా?" అంటారు మావారు. వారం రోజులపాటు తండ్రీకొడుకులకి మాటల్లేవు. కంచాల దగ్గర ఇద్దరి మధ్యా నా రాయబారమే. బాగుచేసే షాపతనైతే మూత కూడా తీయకుండానే "మదర్‌బోర్డు పోయిందండీ, ఎనిమిదివేల అయిదు వందలవుతుంది" అన్నాడు. పోయిన బోర్డు మీద మూడు గంటల సినిమా ఎలా ఆడిందండీ అనడిగితే జవాబు లేదు. కంప్యూటర్ తిరిగి ఇంటికి తెచ్చేశాం.

నాకు కంప్యూటర్ చదువు లేదు. మావాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, రెండు సాయంత్రాలు ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాం. మీరూ చేసుకోవచ్చు, కష్టమేం కాదు.

ముందు ఎలా ఆగిందో చూడండి. నీలం తెర వచ్చి ఏదో రాసి ఆగితే డ్రైవరో, మెమరీయో అనుకోవాలి. విండోస్‌కి ఆ మాత్రం చెప్పే టైం దొరికిందన్నమాట. ఏ మాటా లేకుండా కరెంటు తీసేసినట్టు ఆగితే ఎక్కువసార్లు అది కరెంటు సంగతో, వేడి సంగతో అయి ఉంటుంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒక చిట్టా ఉంటుంది. మాది తెరిస్తే 'కెర్నల్ పవర్ 41' అని ఎర్ర గుర్తులు వరసగా కనపడ్డాయి. వాటిని చూసి బెదరక్కర్లేదు. సరిగ్గా షట్‌డౌన్ చేయకుండా ఆగిపోయిందని మాత్రమే దానర్థం. మీరు ప్లగ్గు పీకేసినా అదే రాస్తుంది.

తర్వాత ఎంతసేపటికి ఆగుతోందో చూడాలి. వేడి వల్లయితే సాధారణంగా పది పదిహేను నిమిషాలు ఆడాక, ఫ్యాను గోల పెట్టాక ఆగుతుంది. ప్రాసెసర్ మీది ఫ్యాను ఊడితే తప్ప క్షణాల్లో ఆగదు. హెచ్‌డబ్ల్యూ మానిటర్ అనే ఉచిత ప్రోగ్రాము వేడి ఎంతుందో చూపిస్తుంది. చాలా ప్రాసెసర్లు 100 డిగ్రీల దరిదాపుల్లోకి వెళితేగానీ తమను తాము ఆపుకోవు. మాది ఆరిపోయే ముందు 62 చూపించింది. వేడి కాదని తేలింది. అయినా మా బెజవాడ దుమ్ము సంగతి తెలుసుగా! ప్లగ్గు తీసి, ఫ్యాను రెక్కల్ని వేలితో కదలకుండా పట్టుకుని, మెత్తటి బ్రష్షుతో దులిపేశాం.

ఇక కరెంటు వచ్చే దారి. మా కంప్యూటర్ 600 వీఏ యూపీఎస్ మీద ఉండేది. అంత అంకె చూసి మురిసిపోకండి, దాని అడుగున 360 వాట్లే అని రాసి ఉంది. చాలా ఇళ్ళల్లో దొంగ ఇదే. కానీ తిన్నగా గోడ సాకెట్లో పెట్టినా మాది ఆగింది.

అప్పుడు మావాడికో ఆలోచన వచ్చింది. గేమ్ సెట్టింగుల్లో బొమ్మ నాణ్యత తగ్గించి, సెకనుకు 30 ఫ్రేములు దాటకుండా కట్టేశాడు. గంటన్నర ఆడినా ఆగలేదు! పప్పులో నీళ్ళు పోయడమంటే ఇదే. కార్డు పని తగ్గింది, కరెంటు లాగడం తగ్గింది.

పక్క మూత తీసి, కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ డబ్బా మీది కాగితం చదివాం. పైన పెద్దక్షరాల్లో 450 వాట్లు. కార్డుకీ, ప్రాసెసర్‌కీ ముఖ్యంగా కావాల్సింది అందులోని 12 వోల్టుల లైను. అక్కడ 18 యాంపులే రాసి ఉంది. పన్నెండు పద్దెనిమిదులు 216 వాట్లు. కార్డు ఒక్కటే 170 తీసుకుంటుంది, మా ప్రాసెసర్‌కి మరో 65. అక్కడికే దాటిపోయింది! పైగా గేమ్ మొదలైనప్పుడు రెప్పపాటు కన్నా తక్కువసేపు కార్డు ఇంకా ఎక్కువ లాగుతుంది. ఈ కార్డుకి 550 వాట్ల సప్లై ఉండాలని తయారుచేసినవాళ్ళే చెబుతారు. ఇంకో గుర్తు కూడా ఉంది. ఆరిపోయాక ముందు బటన్ నొక్కితే లేచేది కాదు. వెనక స్విచ్చి ఆపి, కాసేపాగి వేస్తేనే లేచేది. మిక్సీ ఎర్ర బటన్ లాంటిదే లోపల పడుతోందన్నమాట.

అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష, మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకటి తెచ్చి పెట్టి చూడటం. వాడి స్నేహితుడి దగ్గర 650 వాట్లది ఉంటే ఒక పూట అడిగి తెచ్చాడు. పూర్తి సెట్టింగులతో రెండు గంటలు ఆడినా చెక్కు చెదరలేదు. ఈ ఒక్క పని చేసి చూడకుండా బోర్డు పోయిందనేవాళ్ళ మాట నేను నమ్మను. అలాంటిదే కొత్తది నాలుగువేల ఏడు వందలకి కొన్నాం.

మావారు లెక్కంతా విని, కాగితం మీద 216 చూసి, "ఈ మాట ముందే చెప్పొచ్చుగా వీడు" అన్నారు. చెప్పనిస్తేగా! ఆ రాత్రి ఇద్దరూ కలిసే స్క్రూలు బిగించారు.

కొత్తది పెట్టేటప్పుడు రెండు విషయాలు. పాత ఎస్‌ఎంపీఎస్ డబ్బాని, అందులో ఏముందో చూద్దామని పిల్లల్ని విప్పనివ్వకండి. ప్లగ్గు తీసేసినా లోపలి కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలవ ఉంటుంది. వైర్లు విడిగా ఊడొచ్చే రకమైతే, పాతదాని వైర్లు కొత్తదానికి తగిలించవద్దు. చూడ్డానికి ఒకేలా ఉన్నా లోపల అమరిక వేరు, హార్డ్‌డిస్కు కాలిపోవచ్చు. కొత్త పెట్టెలో వచ్చిన వైర్లే వాడండి.