బీటెక్ తర్వాత ఎం.ఏ. హిస్టరీ: చేయాలా, వద్దా?

ఫ్రెండ్స్, "బీటెక్ చదివి ఎం.ఏ. హిస్టరీ ఏంట్రా?" అని మా ఇంట్లో ఇప్పటికీ అడుగుతున్నారు. మీలో కొందరికీ ఇదే సందేహం ఉంటుంది కాబట్టి నా లెక్క చెబుతాను.

యూపీఎస్సీకి డిగ్రీ చాలు. హిస్టరీ ఆప్షనల్‌కు రెండు పేపర్లు, 500 మార్కులు, ఎం.ఏ. ఉందని ఒక్క మార్కూ ఎక్కువ వేయరు.

మరి ఎందుకు? మస్కి శాసనాన్నే తీసుకోండి. ప్రిలిమ్స్ నోట్సులో అది ఒక్క లైను: అశోకుడి పేరున్న శాసనం. ఎం.ఏ.లో అడిగేది వేరు: ఆ పేరుకు అంత విలువ ఎందుకు? 1837లో ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివినప్పుడు కనిపించినవి 'దేవానాంప్రియ', 'ప్రియదర్శి' అనే బిరుదులు. ఆయనే అశోకుడని సింహళ గ్రంథాల సాయంతో గుర్తించారు. 1915లో మస్కిలో ఏకంగా పేరే దొరికింది. ఆ శాసనాన్ని కనుగొన్నది ఒక బంగారు గనుల ఇంజినీరు! ఆధారాన్ని ఇలా తూచి చూడటం అలవాటైతే మెయిన్స్‌లో బట్టీ జవాబు రాయబుద్ధి కాదు.

ఇంకో లెక్క. జనరల్ కేటగిరీకి ఆరు అటెంప్ట్‌లు, 32 ఏళ్లు. ర్యాంకు రాకపోతే? ఎం.ఏ.లో 55 శాతం ఉంటే నెట్ రాయొచ్చు, జూనియర్ లెక్చరర్ పోస్టులకూ ప్రయత్నించొచ్చు.

ఇగ్నోలో రెండేళ్ల కోర్సును నాలుగేళ్లలోపు ముగించొచ్చు. జూన్ పరీక్షలు ప్రిలిమ్స్‌కు అడ్డొస్తాయని నేను డిసెంబరులో రాస్తున్నాను. ఖాళీ సంవత్సరాలకు ముసుగేయడానికైతే మాత్రం చేరకండి. చదవాలనిపిస్తేనే చేరండి.

ఆల్ ది బెస్ట్!