రెండు తొవ్వల బండి

మేం పంక్చర్లేసేటోళ్లం. ఈ మాట మీరు తిట్టు లెక్క వాడుతరు. మేం ఇంటి చరిత్ర లెక్క చెప్పుకుంటం. మిర్యాలగూడల రైసు మిల్లులకు పోయే తొవ్వల అబ్బా షెడ్డు. రాజ్‌దూత్, ఎజ్డీ, లూనా, తర్వాత హీరో హోండాలు, అన్నీ ఆ రేకుల కింద పండి లేచినవే. అబ్బా విప్పని ఇంజను లేదు. కానీ మా గుమ్మం ముందు కొత్త బండి ఎన్నడూ నిలబడలె. ఇంకొకరు నడిపి, అరగదీసి, అమ్మేసినయే మాకొచ్చినయి.

2022ల మేం అన్నదమ్ములమిద్దరం కలిసి కొత్త బండి కొన్నం. హీరో ఎక్స్‌పల్స్ 200, నాలుగు వాల్వులది. డాంబరు మీద పోతది, మట్టిల పోతది. డ్యూయల్ స్పోర్ట్ అంటరు. అమ్మీకి అర్థమయ్యేటట్టు చెప్పాలంటే రెండు తొవ్వల బండి.

అప్పుకోసం పోతే ఫైనాన్సాయన మా గల్లీ పేరు వినంగనే కాయితాలు మడిచిండు. "ఆ ఏరియాకు ఇయ్యం భాయ్" అన్నడు. నెల జీతాలు తక్కువ, సొంత రెక్కల మీద బతుకులెక్కువ, బ్యాంకు అప్పు దొరికేది తక్కువ అని మా గురించి సచార్ కమిటీ 2006లనే రాసింది. రాసినంక కూడా మా గల్లీ గల్లీ లెక్కనే ఉన్నది. అమ్మీ చిట్టీ ఎత్తింది. నగదు కట్టినం.

షోరూముల పిల్లగాడు కుంకుమ పళ్లెం, నిమ్మకాయలు పట్టుకొని వచ్చిండు. కాయితం మీద పేరు చదివి ఆగిండు. పళ్లెం వెనకకు తీసుకోవాల్నా, ముందుకు రావాల్నా తెలుస్తలేదు. అబ్బానే నవ్వి, "నిమ్మకాయలు టైర్ల కింద పెట్టు బేటా, ఎన్ని బండ్లకు చూడలె నేను" అన్నడు. దసరాకు మా షెడ్డుల పానాలకు బొట్టు పెట్టేది అబ్బా శిష్యుడే. అది మాకు వింత కాదు. ఆ పిల్లగాడు ఆగినాడే, ఆ ఆగుడే మాకు గుచ్చుకున్నది.

కొత్త బండి ముందుగాల జాన్‌పహాడ్ దర్గాకు పోవాలె. మా దిక్కు రివాజు అది. శుక్రవారం పొద్దున బయలెల్లినం. కొత్త దాని మీద మాల ఒకడు, వెనక అబ్బా. పాత స్ప్లెండర్ మీద ఇంకొకడు. నడుమ నడుమ మార్చుకున్నం.

సీటు 825 మిల్లీమీటర్ల ఎత్తు. మునివేళ్లే నేలకానుతున్నయి. ఊరు దాటేదాక భయమే. గుర్రం ఎక్కి, దిగరాని పెండ్లికొడుకు లెక్క ఉన్నది మా పని. ముందు చక్రం 21 ఇంచులు, వెనకది 18. ముందు ఫోర్కు 190 మిల్లీమీటర్లు ఆడుతది, అందుకే బ్రేకు పట్టంగనే మూతి కిందికి వంచుతది. మొదటిసారి గుండె జల్లుమన్నది. పదిసార్లయినంక అది సలాం చేస్తున్నట్టు అనిపించింది. డాంబరు మీద గుబ్బల టైర్లు గుయ్యిమని పాడుతుంటె, అబ్బా చెవి పెట్టి వినుకుంట, "బండీ బోల్తీ హై బేటా, సునో" అంటున్నడు.

నేరేడుచర్ల దాటినంక సిమెంటు లారీలు నలగ్గొట్టిన రోడ్డు మొదలైంది. స్ప్లెండర్ మీద ఉన్నోని నడుం విరుగుతున్నది. కొత్త బండి మీద ఉన్నోడు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి గుంతలకెల్లి పోతనే ఉన్నడు. నేలకు 220 మిల్లీమీటర్ల పైన ఉంటది దాని కడుపు. ఏ రాయీ తగలలె. అబ్బా ఎనుక నుంచి, "యా అల్లా, దీనికి గుంత కనిపిస్తలేదా" అని నవ్వుతుండు. పెద్దగయినంక మేం అబ్బా అంత గట్టిగ నవ్వంగ విన్నది ఆ రోజే.

ఆశ పుట్టింది. సాగర్ కాలువ కట్ట మీదికి దింపినం. ఎర్రమట్టి, ఒక దిక్కు నీళ్లు, ఒక దిక్కు వరి. గేరు తగ్గించి, యాక్సిలేటరు మెల్లగ పట్టుకుంటె వెనక చక్రం కొద్దిగ జారి, మళ్లా తనకు తానే దారి పట్టుకున్నది. అదొక కొత్త ధైర్యం. అంతల ఒక తుమ్మ ముల్లు దిగింది. టైరు కూసున్నది.

మేం తలలు పట్టుకున్నం. మా గల్లీ చౌరస్తల పోరగాళ్ల మాట యాదికొచ్చింది. "పంక్చర్ పైసలతోని ఇంత పెద్ద బండా" అన్నరు బండి తెచ్చిన రోజు. అబ్బాకు మాత్రం పండుగే. ఇది పుల్లల చక్రం, లోపల ట్యూబు. ట్యూబులెస్సులొచ్చి అబ్బా పని సగం గుంజుకున్నయి. రాళ్లల్ల పోయే బండికి ఇంకా పుల్లలే కావాలె. అలాయ్ పగులుతది, పుల్లలు దెబ్బ ఓర్చుకుంటయి. అబ్బా సంచిల నుంచి రాడ్లు, గరుకు కాయితం, సొలిషన్ తీసిండు.

వరిల నుంచి ఒకాయన వచ్చిండు. నొసట బొట్టు, మెడల తువ్వాల. అడగకముందే బండి పట్టుకున్నడు. ఇంజను కింద రాళ్లు పేర్చి చక్రం ఊడదీసినం. ట్యూబుకు గాలి కొట్టి కాలువ నీళ్లల్ల ముంచితె బుడగలొచ్చినయి.

"ఎటు సాయిబూ?"

"జాన్‌పహాడ్."

"నేను ఆ సామి ఇచ్చిన కొడుకునే. నా పేరు సైదులు. మా అమ్మ మొక్కుకున్నది, కందూరు చేసింది."

మా దిక్కు ఇంటికో సైదులుంటడు. బొట్టు పెట్టుకుంటడు, దర్గాకు పోతడు. ఆయన్ను నువ్వెటోనివని ఎవరూ అడుగరు. అడగొద్దు కూడ. మమ్ముల మాత్రం అడుగుతరు. మా ఉర్దూ విని హైదరాబాద్ చుట్టాలు నవ్వుతరు. మా తెలుగు విని మీరు, "తెలుగు బాగనే మాట్లాడుతున్నరే" అంటరు. ఇక్కడ పుట్టి, ఇక్కడి బడిల అఆలు దిద్దినోళ్లకు అది మెప్పా?

రెండు తొవ్వలల్ల పోయే బండి మీకు ముద్దు. హైవే మీద అన్నిటికన్న ఉరకదు, బురదల అన్నిటికన్న తేలిక కాదు, అయినా రెండింటికీ పనికొస్తదని మెచ్చుకుంటరు. ఇంట్ల ఒక బాస, బజార్ల ఒక బాస మాట్లాడే మనిషిని మాత్రం ఒక తొవ్వ ఎంచుకో అంటరు.

ప్యాచీ అతికింది. అబ్బా పైసలిస్తె సైదులన్న తీసుకోలె. "నా పేరు చెప్పి ఒక ఫాతెహా ఇప్పియ్యున్రి" అన్నడు.

దర్గా కాడ మలీద పంచి, ఆయన పేరు కూడ చెప్పి ఫాతెహా ఇప్పిచ్చినం. అబ్బా చేతులకింకా సొలిషన్ వాసన పోలె. మాపటికి ఇంటికొచ్చేసరికి బండినిండ మట్టి. చౌరస్తల అవే మొఖాలు. "కొత్త బండి అప్పుడే పంక్చరయ్యిందా?" అన్నరు.

"అయ్యింది. మేమే ఏసుకున్నం" అన్నం.