ముక్కుతో మొదలుపెట్టండి

ఖరీదైన అపార్ట్‌మెంట్ బాల్కనీలో గ్లాసు పట్టుకుంటే అభిరుచి అంటారు. వాడలో అరుగు మీద గ్లాసు పట్టుకుంటే తాగుబోతు అంటారు. ఈ తేడా విస్కీలో లేదు, చూసే కంట్లో ఉంది.

ఈ వారం విస్కీ గురించి రాస్తున్నా. తెలుగు సాహిత్యం చెప్పే మాస్టారికి ఇదేం పని అనుకునేవాళ్లు కొంచెం ఓపిక పట్టండి. 21 ఏళ్లు నిండని తమ్ముళ్లు, చెల్లెళ్లు చదివి ఊరుకోండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ వయసు దాటితేనే చట్టం మందు కొననిస్తుంది.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినప్పుడు నేను పలక పట్టే వయసులో ఉన్నా. ఆ వేడి మా ఊరికీ వచ్చింది. మా సారా కొట్టు ముందు బైఠాయించిన ఆడవాళ్లలో మా అమ్మ ఒకతి. అంతకుముందు ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో ప్యాకెట్ సారాను ఊళ్లకు చేర్చింది. మా నాన్న ఆ ప్యాకెట్‌ను పళ్లతో కొరికి, కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో మింగేవాడు. మా వాడలో వాసన చూసి తాగినవాళ్లు నాకు గుర్తులేరు. పగలంతా వంగిన నడుము రాత్రికి నొప్పి తెలియకుండా ఉండాలని తాగారు. నిదానంగా రుచి చూసే తీరిక ఎవరికుంది అన్నదీ కులం ప్రశ్నే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక విందులో ఒక పెద్దాయన సీసా లేబుల్ అందరికీ చదివి వినిపించి, నా వైపు తిరిగి, "ఇది నీకు పట్టదులేవయ్యా, నీకు రమ్ము చెప్తా" అన్నాడు. నలుగురూ నవ్వారు. పీహెచ్‌డీ నాకు నేర్పింది ఒకటుంది. ఎవరైనా ఒక పాఠాన్ని చూపించి మనల్ని చిన్నబుచ్చితే, ఆ పాఠాన్ని మనమే కూర్చుని చదవాలి. చదివా. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

మాల్ట్ అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. ఒకే డిస్టిలరీలో, మాల్ట్ బార్లీతో మాత్రమే చేస్తే అది సింగిల్ మాల్ట్. మాల్ట్ విస్కీకి వేరే ధాన్యాల విస్కీ కలిపితే బ్లెండెడ్. స్కాచ్ అనాలంటే స్కాట్లాండ్‌లోనే తయారై, కనీసం 3 ఏళ్లు అక్కడే ఓక్ పీపాలో ఉండాలి, ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. స్కాచ్ లేబుల్ మీద 12 అని ఉంటే, సీసాలో కలిసిన విస్కీలన్నిటిలోకి చిన్నదాని వయసు 12 ఏళ్లని అర్థం. రంగు చూసి వయసు అంచనా వేయకండి. స్కాచ్‌లోనూ కారమెల్ రంగు కలపడానికి అనుమతి ఉంది.

మన వైన్ షాపుల్లో చవకగా దొరికే విస్కీల్లో చాలావాటికి ఆధారం చక్కెర ఫ్యాక్టరీల్లో మిగిలే మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్. దాన్ని యూరప్‌లో విస్కీ పేరుతో అమ్మనివ్వరు, అక్కడ విస్కీ అంటే ధాన్యంతో చేయాలి. అలాగని ఈ దేశంలో మంచిది చేయలేరని కాదు. బెంగళూరులో తయారయ్యే అమృత్ సింగిల్ మాల్ట్ 2004లో గ్లాస్గోలోనే విడుదలైంది. స్కాట్లాండ్ చలిలో పీపా నుంచి ఏడాదికి 2 శాతం దాకా ఆవిరైతే, బెంగళూరు వాతావరణంలో 10 శాతానికి పైనే పోతుంది. నష్టం ఎక్కువే, కానీ విస్కీ త్వరగా ముదురుతుంది. కాబట్టి 18 ఏళ్ల స్కాచ్ పక్కన మన విస్కీని వయసుతో తూచడం కుదరదు.

కొత్తవాళ్లు ఫుల్ బాటిల్ కొనొద్దు. బార్‌లో 30 ఎం.ఎల్. చాలు. ముందు తేలికపాటి బ్లెండెడ్, తర్వాత పొగ వాసన లేని సింగిల్ మాల్ట్, ఆ తర్వాతే పొగది. గ్లాసును ముక్కుకు కొంచెం దూరంగా పట్టుకుని, నోరు కాస్త తెరిచి వాసన చూడండి, ఘాటు తగ్గుతుంది. చిన్న గుక్క నాలుక మీద ఆడించి మింగండి. తర్వాత చెంచాడు నీళ్లు కలిపి మళ్లీ చూడండి, దాగిన వాసనలు బయటికొస్తాయి. ఐసు ఎక్కువైతే వాసన మొద్దుబారుతుంది. సోడాతోనే బాగుందా? సోడాతోనే తాగండి. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా ఆనందమిచ్చింది వాసనలకు పేర్లు పెట్టడం. ఇంగ్లిష్ వర్ణనల్లో నేనెప్పుడూ చూడని చలిదేశపు పూలు, పళ్లు ఉంటాయి. నా ముక్కుకు తాటిబెల్లం తగిలింది. ఎండు ఖర్జూరం, బాగా మగ్గిన అరటిపండు, తడిసిన గోనెసంచి తగిలాయి. ఐలా దీవి విస్కీ మూత తీస్తే కుండలో కాల్చిన తేగల పొగ, వెనకాలే ఆసుపత్రి టింక్చర్ వాసన. అక్కడ బార్లీని పీట్ మంట మీద ఆరబెడతారు. పీట్ అంటే బురదనేలల్లో వేల ఏళ్లు మగ్గిన మొక్కల మట్టి. విస్కీ అన్న మాటకు మూలం కూడా ఇంగ్లిష్ కాదు, గేలిక్ భాషలో జీవజలం అన్న మాట నలిగి అలా అయింది. వాళ్ల నేల వాసన వాళ్ల సీసాలో ఉంది. దాన్ని మన మాటల్లో చెప్పుకునే హక్కు మనకుంది.

ఇదంతా మొన్న అమ్మకు చెప్పా. పూర్తిగా విని, "ఇంత చదువు దానికెందుకు నాయనా? యాడన్నా తాగుకో, మనింట్లోకి మాత్రం తేబాక" అంది. తేలేదు, తేను. ఆమె ఆ కొట్టు ముందు కూర్చున్నది మా పొయ్యి మీద కుండ కోసం. నా అభిరుచి ఆ గడప బయటే ఆగుతుంది.

అందుకే లెక్క కూడా చెప్పాలి. క్వార్టర్ అంటే 180 ఎం.ఎల్. మన సీసాల మీద సాధారణంగా ఉండే 42.8 శాతంతో లెక్కిస్తే అందులో అచ్చమైన ఆల్కహాల్ 77 ఎం.ఎల్. అది ఒక మనిషి ఒక సాయంత్రం తాగాల్సిన కొలత కాదు. ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితమైన మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఒక్క పెగ్గు దగ్గర ఆగలేమని తెలిసినవాళ్లు మొదలుపెట్టకండి. మీటింగుల తర్వాత కూర్చునే చోట, వద్దన్న మనిషి చేతిలో గ్లాసు పెట్టకండి.

వచ్చే వారం కల్లు గురించి, తాడి ఎక్కే చేతుల గురించి.

జై భీమ్.