ఆదివారం నాటి శుక్రవారం

"మామా, ఈ ఆదివారం శుక్రవారమట!"

2024 సెప్టెంబరు ఆఖరివారం. పొద్దున ఏడున్నర. బడికి పోతూ హైదరాబాద్ బార్కస్‌లో చాయ్ తాగుతుంటే మేనల్లుడి ఫోన్. చైనాలో అప్పటికి పది గంటలు. అక్కడొక బడిలో వాడు ఇంగ్లీషులో లెక్కలు చెబుతాడు. అంత దూరంనుంచి ఫోన్ చేసినవాడు మంచీచెడ్డా అడుగుతాడనుకుంటాం. వీడికి వారాల పేర్లతోనే తగువు.

"దానికంత పరేషానెందుకు అల్లుడూ? మా బడిలో ఏడాది పొడుగునా శుక్రవారమే ఆదివారం" అన్నాను.

వాడు నవ్వలేదు. వాడి గోడు పూర్తిగా విన్నాక నేనూ నవ్వలేదు.

చైనాలో అక్టోబరు ఒకటి జాతీయ దినోత్సవం. చట్టం ఇచ్చే సెలవు మూడు రోజులే. కాని జనానికి వారం రోజులు ఏకంగా దొరకాలి. రైళ్లెక్కి సొంతూళ్లకు పోవాలి, కొత్త ఊళ్లు చూడాలి, నాలుగు డబ్బులు ఖర్చు పెట్టాలి. 1999లో మొదలైన ఈ ఏర్పాటుకు బంగారు వారమని పేరు. 2024లో అక్టోబరు ఒకటో తేదీ మంగళవారం పడింది. మంగళ, బుధ, గురువారాలు పండుగవి. శని, ఆదివారాలు ఎలాగూ ఉన్నవే. ఇక తక్కువ పడినవి మధ్యలో శుక్రవారం, చివర సోమవారం. ఆ రెంటినీ అప్పు తెచ్చారు. శుక్రవారం అప్పు సెప్టెంబరు 29 ఆదివారం నాడు, సోమవారం అప్పు అక్టోబరు 12 శనివారం నాడు తీర్చాలి. బడి కనుక ఊరికే తలుపులు తెరిస్తే సరిపోదు. ఆదివారం నాడు శుక్రవారం టైంటేబులు నడవాలి, శనివారం నాడు సోమవారానిది.

"వారం రోజుల సెలవని సంబరపడ్డ మామా! కూడికలు తీసివేతలు చేస్తే వాళ్లిచ్చింది మూడు రోజులే" అన్నాడు లెక్కల మాస్టారు.

అక్కడివాళ్లకు ఇది చిన్ననాటినుంచీ తెలిసిన తంతు. సణుక్కుంటూనే చేస్తారు. ప్రభుత్వం సెలవుల జాబితా ముందటేడాదే వేసేస్తుంది. దాన్ని బడి తన వారాలకు అతికించుకుని చైనా భాషలో ఫోన్లకు పంపుతుంది. తోటి టీచరెవరో దయతలచి విప్పి చెప్పేలోగా మావాడు ఆ ఆదివారానికే రైలు టికెట్ కొనుక్కుని కూచున్నాడు. పరాయిదేశపు టీచరుకు జీతమూ, గదీ, తిండీ అన్నీ కుదురుతాయి. ఇవాళ ఏ వారమో తెలియడమే ఆలస్యమవుతుంది.

నాకు వాడి మీద జాలి కలగడానికి కారణముంది. నేనూ పరాయి టీచర్నే. మాది నల్లగొండ జిల్లా. ఊరికీ బడికీ మధ్య వంద కిలోమీటర్ల చిల్లర. అయినా బార్కస్‌లో నేను చెప్పే పాఠమే పరాయిది, తెలుగు. 2018 చట్టంతో తెలంగాణ బడులన్నిట్లో తెలుగు దశలవారీగా తప్పనిసరైంది. అట్లా దొరికిన కొలువు ఇది. నా ముందు కూచున్న పిల్లల తాతముత్తాతలు సముద్రం దాటి యెమెన్ దేశపు హద్రమౌత్‌నుంచి వచ్చినవాళ్లు. నిజాం కొలువులో అరబ్బు సిపాయిలు. వాళ్లుండే బ్యారక్సే జనం నోట్లో నలిగి బార్కస్ అయింది. 1948లో పోలీసు చర్య తర్వాత ఆ దళాలు లేకుండా పోయాయి. సిపాయిల్లో ఎందరో ఇక్కడే ఉండిపోయారు, జామతోటలతోనూ కుస్తీ అఖాడాలతోనూ. ఇప్పటికీ సాయంత్రమైతే వాళ్ల వారసులు లుంగీలు కట్టుకుని అరుగుల మీద కూచుంటారు. ఏళ్ల లెక్క చూస్తే ఈ గల్లీల్లో పాతకాపులు వాళ్లు, నిన్న దిగిన మనిషిని నేను.

చేరిన మొదటివారమే ఆ సంగతి తెలిసొచ్చింది. పద్ధతిగా చొక్కా ఇస్త్రీ చేసుకుని, రెండు బస్సులు మారి, శుక్రవారం పొద్దున గేటు ముందు నిలబడ్డాను. తాళం. చౌకీదారు నన్ను కిందినుంచి మీదికి చూసి, "ఆజ్ జుమా హై సాబ్, కల్ ఆవ్" అన్నాడు. పాతబస్తీలో కొన్ని బడులకు శుక్రవారమే వారపు సెలవని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని వాళ్లకు తోచలేదు. గాలి ఎటు వీస్తుందో ఎవరైనా చెబుతారా? అప్పటినుంచి మా ఇంట్లో రెండు వారాలు నడుస్తున్నాయి. ఆదివారం ఇల్లంతా ముసుగుతన్ని పడుకుంటే నేను టిఫిన్ డబ్బా సర్దుకుంటాను. శుక్రవారం ఇల్లంతా ఉరుకులు పెడుతుంటే నేను పేపరు తిరగేస్తాను. ఆ పూట మా ఆవిడ నన్ను చూసే చూపు ఏ సెలవుల జాబితాలోనూ ఉండదు.

సెలవును అప్పు తెచ్చుకోవడం చైనావాళ్ల సొత్తేమీ కాదు. మనకూ ఆ ఖాతా ఉంది. మన దగ్గర దాన్ని రెండో శనివారంతో తీరుస్తారు. తేడా ఒక్కటే. అక్కడ కొంత అప్పు ముందే తీర్చి సెలవు తీసుకుంటారు. మనం తినేసి తర్వాత తీరుస్తాం. 2024 జనవరి ఒకటిన సెలవిచ్చారు, ఫిబ్రవరి 10 రెండో శనివారం పనిదినమన్నారు. శుక్రవారం పక్కన రెండో శనివారం చేరి నెలకొకసారి మాకు దొరికే జోడు సెలవు అట్లా విరిగింది. ఆ శనివారం తరగతిలో పిల్లలు మొహాలు వేలాడేసుకుని కూచున్నారు. ఒకడు లేచి, "హమ్ తో మాంగేచ్ నై సర్" అన్నాడు. నిజమే, వాడేమీ అడగలేదు. వాడి కొత్త సంవత్సరం మొహర్రంతో వస్తుంది. నాది ఉగాదితో వస్తుంది. ఇద్దరమూ అడగని కొత్త సంవత్సరానికి ఇద్దరమూ బాకీ కడుతున్నాం. సరిగ్గా అప్పుడే మేనల్లుడు ఎర్ర లాంతర్ల ఫొటో పంపాడు. ఆ రోజే చైనావాళ్ల సంవత్సరాది! అక్కడ వాడికి సెలవు.

నవ్విన నాపచేనే పండుతుంది కదా. ఆ అక్టోబరు 12 వచ్చింది. వాడు సోమవారం పాఠాలు చెప్పిన ఆ శనివారం మనకు విజయదశమి. సాయంత్రం మా ఊళ్లో జమ్మిచెట్టు దగ్గరికి బయల్దేరుతూ వీడియో కాల్ చేశాం. అక్కడ రాత్రి ఏడున్నరయింది. వాడు గదిలో పరీక్ష కాగితాలు దిద్దుతున్నాడు. అక్క జమ్మి ఆకు కెమెరా ముందు పెట్టి, "బంగారం తీస్కో బిడ్డా" అంది. వాడు చెయ్యి చాపాడు. ఫోన్ అద్దానికి తగిలి ఆగింది. పోయిన శుక్రవారం పాఠాన్ని ఆదివారం చెప్పొచ్చు. పోయిన దసరాను మరునాడు చేసుకుంటే ఆ ఆకు వట్టి ఆకే.

బడికి ఇన్ని పనిదినాలుండాలని చట్టముంది. ఐదో తరగతి దాకా 200, ఆరునుంచి ఎనిమిది దాకా 220. 2024-25కి మన రాష్ట్రం క్యాలెండరులో 229 చూపింది. అందుకే సెలవు ఒకటి ఎక్కువైతే పనిదినం ఒకటి వెతకాలి. దాన్ని నేను తప్పుపట్టను. కాని ఈ పద్దు చంద్రుడి దగ్గర చెల్లదు. నెలవంక కనిపిస్తేనే పండుగ. ముందటేడాది వేసిన జాబితాలో ఆ తేదీ అంచనానే. రంజాన్ నెల దాటుతున్న సాయంత్రం బార్కస్‌లో ఎవరినడిగినా ఆకాశంకేసి చూపిస్తారు. రేపు సెలవా అని హెడ్‌మాస్టర్ని అడిగితే ఆయనా మేడమీదికే పోతాడు. ఆ నెలంతా రాష్ట్రంలో ఉర్దూ మీడియం బడులు పొద్దున ఎనిమిదినుంచి ఒంటిగంటన్నర దాకానే నడుస్తాయి. ఉపవాసమున్న పిల్లవాడికి చివరి పీరియడులో సంధులు చెప్పడం ఎంత పాపమో నాకు తెలుసు. సాయంత్రం గల్లీ అంతా హరీస్ వండే వాసన వేస్తుంది. ఆ సంధులు ఆ వాసనకు బాకీ పడతాయి.

2024 సెప్టెంబరు 17న వినాయక నిమజ్జనం. బార్కస్‌కు దగ్గర్లోనే బాలాపూర్. ఆ గణపతి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలై, ఆ పొద్దున 30 లక్షల ఒక వెయ్యికి చేరింది. వేలం కాగానే విగ్రహం కదిలింది. చాంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా, చార్మినార్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు దారి. అదే రోజు చైనాలోనూ పున్నమి పండుగ. అక్కడా సెలవే. వాళ్లు ఆ బాకీని ముందే, 14వ తేదీ శనివారం, కట్టేసుకున్నారు. మన జంటనగరాలకు నవంబరు 9 రెండో శనివారం రాసిపెట్టారు.

ఆ నవంబరు శనివారం తరగతిలో సగం బెంచీలు ఖాళీ. వచ్చినవాళ్లలో ఒకడు నాలుగు జామకాయలు నా బల్ల మీద పెట్టాడు. చలికాలం కదా, బార్కస్ జామకాయల కాలం. కొత్త పాఠం ఎత్తే బుద్ధి నాకూ లేదు. ఈ రోజు బడి ఎందుకో తెలుగులో చెప్పమన్నాను.

"ఛుట్టీ కా బద్లా, సర్."

తెలుగులో అన్నాను కదా అని నల్లబల్ల మీద 'బదులు' అని రాశాను. రాశాక నాకే తట్టింది. వాడి బద్లా, నా బదులు ఒక్క తల్లి బిడ్డలు. అరబ్బీలో బదల్ అంటే ఒకదాని స్థానంలో ఇంకొకటి. ఆ మాట కూడా వీళ్ల తాతల మాదిరే దూరంనుంచి వచ్చి, ఇక్కడే స్థిరపడి, ఇంటిమాటైపోయింది. ఉర్దూలో మార్పిడికీ బద్లానే, పగకూ బద్లానే. తెలుగులోకి వచ్చేసరికి పగ పోయి జవాబు మిగిలింది, చేబదులు మిగిలింది. చేబదులంటే ఏమిటని అడిగారు. పక్కింటికి పోయి గ్లాసెడు చక్కెర తెచ్చుకోవడం అన్నాను. కాగితం ఉండదు, వడ్డీ ఉండదు, తిరిగిచ్చే తేదీ ఉండదు. అప్పు మాత్రం వేరే, దానికి నోటు రాయాలి.

ఆ మాటతో తలా ఒక వాక్యం రాయమన్నాను. "పెన్ను బదులు పెన్సిల్" అని చాలామంది రాశారు. ఎర్రకుంట వైపునుంచి వచ్చే పిల్లవాడొకడు చాలాసేపు రాసి, కొట్టేసి, మళ్లీ రాసి తెచ్చాడు.

"బాలాపూర్ వాళ్లకు మేము మా జులూస్ రోజు బదులిచ్చాము."

మిలాద్ ఉన్ నబీ ఊరేగింపు సంగతి అది. 2023లో మిలాద్, నిమజ్జనం రెండూ సెప్టెంబరు 28నే వచ్చాయి. పెద్దలు కూచుని మాట్లాడుకుని ఊరేగింపును అక్టోబరు ఒకటికి జరుపుకున్నారు. 2024లోనూ నిమజ్జనం దాటాక 19న చేసుకున్నారు. ఆ జరిపిన రోజుకు ఏ రెండో శనివారమూ రాసిపెట్టలేదు, ఎవరూ అడగలేదు.

ఎర్రసిరా పెన్ను ఎత్తాను. బదులిచ్చాము అంటే జవాబిచ్చామనే అర్థం ముందు వస్తుంది, చేబదులిచ్చాము అని ఉండాలి. దిద్దబోయి ఆగాను. రెండర్థాల్లో ఏది తప్పో తేలలేదు. కింద టిక్కు పెట్టి, ఒక జామకాయ తీసి వాడి చేతిలో పెట్టాను.