కట్ట లేని చెరువులు

డెన్వరు నుంచి గ్రీలీ వెళ్ళే 85వ నంబరు రోడ్డు మన సభ్యుల్లో చాలామందికి పరిచయమే. అందంలో ఎస్టెస్ పార్కు దారికి ఏమాత్రం సాటి రాదు. బ్రైటన్, ఫోర్ట్ లప్టన్, ప్లాట్‌విల్ అని వరసగా చిన్న ఊళ్ళు, పక్కన రైలు పట్టాలు, మొక్కజొన్న చేలు. అయినా ఓ ఆదివారం తీరిక చేసుకుని పిల్లలతో అటు వెళ్ళి రమ్మంటాను. రోడ్డు దిగి ఎడమ చేతివైపు సౌత్ ప్లాట్ నది దగ్గరికి మళ్ళితే చాలు, చెట్ల సందుల్లోంచి నీళ్ళు తళతళలాడుతుంటాయి. ఒకటి దాటితే ఇంకొకటి, చెరువుల మీద చెరువులు.

మా ఆవిడ చూస్తూనే, "చెరువంటే కట్టుండాలి, తూముండాలి, అలుగుండాలి. ఇవేం చెరువులండీ?" అంది. పల్లెటూళ్ళో పెరిగిన మనిషి గనక ఇట్టే పట్టేసింది. నిజమే, ఇవి చెరువులు కావు. కంకర తవ్వుకోగా మిగిలిన గుంతలు.

రాకీ పర్వతాల నుంచి నది వేల ఏళ్ళుగా దొర్లించి తెచ్చిన గులకరాయి, ఇసుక ఈ లోయనిండా మేట వేసి ఉన్నాయి. డెన్వరు పెరిగినకొద్దీ రోడ్లకీ, కాంక్రీటుకీ ఇక్కడి నుంచే తోలుకుపోయారు. మనం నెలనెలా వాయిదాలు కడుతున్న ఇళ్ళ బేస్‌మెంట్లలోనూ ఈ రాయి ఉండే ఉంటుంది.

రాయలసీమ వాళ్ళకి దీని కిటుకు వేరే చెప్పక్కర్లేదు. ఎండాకాలం ఏటి ఇసుకలో చెలమ తీస్తే నీళ్ళు ఊరతాయి కదా! ఆ నీరు ఎక్కడిది? ఏటిదే, ఇసుక కింద నడుస్తున్నది. ఈ కంకర గుంత అంతే, ముప్ఫై, నలభై ఎకరాల చెలమ అనుకోండి. అయితే చెలమలో నీళ్ళు మనం కడవతో ముంచుకుంటాం. ఈ గుంతలో నీళ్ళు ఎవరూ ముట్టుకోకపోయినా తరుగుతుంటాయి. ఇన్నాళ్ళూ రాళ్ళ కింద చల్లగా దాక్కున్న నీటికి నెత్తి మీద కప్పు తీసేశాం, సూర్యుడు తాగుతున్నాడు.

ఎంత తాగుతాడు? ఈ ప్రాంతంలో ఏడాదికి దాదాపు 45 అంగుళాల నీరు ఆవిరవుతుంది. పడే వాన 14, 15 అంగుళాలు. గుంత లేకపోయినా నేలలోకి దిగేది కాదు, గడ్డీ గాదమూ పీల్చుకునేదే అన్న వానని తీసేసి లెక్క కట్టినా, ఎకరానికి సుమారు మూడడుగుల నీరు పోయినట్టు. ముప్ఫై ఎకరాల గుంత అంటే ఏటా 90 ఎకరపు అడుగులు. మన లెక్కలో 11 కోట్ల లీటర్లు.

పోతే పోయింది, ఎవరికి నష్టం అంటారా? కొలరాడోలో ఆ మాట చెల్లదు. ఇక్కడ నీటికి ముందొచ్చినవాడిదే ముందు హక్కు. 1876లో రాష్ట్రం ఏర్పడినప్పుడే రాజ్యాంగంలో రాసుకున్నారు. దిగువన పాత హక్కున్న రైతు తన కాలవకి నీరందడం లేదని కబురు పెడితే, ఎగువన అతని తర్వాత వచ్చినవాళ్ళు తలుపులు దించెయ్యాలి. మన నీరుగంటి లాగే ఇక్కడ వాటర్ కమీషనరు తిరిగి చూస్తుంటాడు. అందరి వాడకం అయ్యాక కూడా, నెబ్రాస్కాతో 1923లో చేసుకున్న ఒప్పందం ఒకటుంది. ఇంత పక్కాగా పంచుకున్న నదిలోంచి సూర్యుడు తాగినా ఎవరో ఒకరి ఖాతాలో రాయవలసిందే.

కంకర కంపెనీలు "మేము నీళ్ళు తోడటం లేదు కదా" అని వాదించాయి. భూగర్భ జలం బయటపడేలా తవ్విన గుంత చట్టం దృష్టిలో బావే అని 1988లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడు శాసనసభ, 1980 డిసెంబరు 31కి ముందే నీరు బయటపడ్డ గుంతలకి ఆవిరి బాకీ మాఫీ చేసింది. తక్కినవన్నీ పోయిన నీటిని నదికి తిరిగి ఇవ్వాలి. ఎంత ఇవ్వాలన్నది ఒక్కటే కాదు, ఎప్పుడు, ఎక్కడ ఇవ్వాలన్నదీ లెక్కే. నదికి దూరంగా ఉన్న గుంతలో ఆగస్టులో పోయిన నీటి లోటు, భూమిలో నెమ్మదిగా పాకి, నదిని చేరేసరికి నెలలు పట్టవచ్చు. ఇంజనీర్లు ఆ ఆలస్యం కూడా లెక్కగడతారు. మంచు గడ్డకట్టిన రోజులకి మాత్రం మినహాయింపు. కడిగిన కంకరతో లారీ ఎక్కిపోయే తడికి కూడా బరువులో నూటికి నాలుగు వంతులని బాకీ రాస్తారు! మన ఊరి షావుకారు కూడా ఇంత గట్టివాడు కాదేమో.

మరి ఇచ్చే నీళ్ళు ఎక్కణ్ణించి తెస్తారు? నగరాల దగ్గర అద్దెకి తీసుకుంటారు, రిజర్వాయరు నుంచి వదిలిస్తారు, లేదా కాలవ కంపెనీలో వాటాలు కొని ఆ వాటాకి పారే పొలాన్ని ఎండబెడతారు. ఈ మూడోది నాకు మింగుడుపడదు. గుంతలో ఆవిరైన నీటికి బదులుగా ఓ మొక్కజొన్న చేను బీడు పడుతుంది. కాగితం మీద నది ఖాతా సరిపోతుంది, నిజమే. చేను ఖాతా ఎవరు చూస్తారు?

అలాగని లెక్క వద్దంటే ఎలా ఉంటుందో ఈ లోయ రైతులకి తెలుసు. 2002 కరువు తర్వాత పాత హక్కుదారులు గట్టిగా పట్టుబట్టారు. 2006 మే నెలలో, నదికి సరిపడా బదులు నీరు చూపలేకపోయారని నాలుగొందలకి పైగా సాగు బావులు మూయించారు. అప్పటికే విత్తనాలు వేసుకున్నవాళ్ళున్నారు. బావి మోటారు ఆపితే బాకీ పెరగడం ఆగుతుంది. కంకర గుంతకి ఆ వీలు లేదు. కంపెనీ రాయి అమ్ముకుని వెళ్ళిపోయాక కూడా నీళ్ళు ఆవిరవుతూనే ఉంటాయి. అందుకే గుంత ముయ్యడమో, శాశ్వతంగా బదులు నీరు రాసివ్వడమో, నదితో సంబంధం తెంచడమో చెయ్యాలి.

ఈ మధ్య ఎక్కువగా చేస్తున్నది ఈ చివరిదే. గుంత చుట్టూ అడుగురాయి దాకా సన్నటి కందకం తీసి, బెంటొనైట్ బంకమన్ను కలిపిన మట్టితో నింపుతారు. నీరు కారడం లేదని 90 రోజులు పరీక్ష చేసి చూపించాలి. నెగ్గితే అది రిజర్వాయరు. డెన్వరు నగరం వంటివి ఇలాంటి గుంతల్ని నీటి నిలవకి వాడుకుంటున్నాయి. అయితే భూమిలో గోడ కట్టాక లోపల నడిచే నీరు దారి మార్చుకుంటుంది. ఎగువ పక్క మట్టం లేస్తుంది, దిగువ పక్క దిగుతుంది.

మన వైపు ఏట్లో ఇసుక తీస్తే ఒడ్డున బావులు అడుగంటడం చూసినవాళ్ళమే. ఊటకాలవల కింద పండిన మళ్ళు నాకింకా గుర్తున్నాయి. 2002 నాటి వాల్టా చట్టం ఇసుక తవ్వకానికి హద్దులు పెట్టింది. కాని తీసిన నీటికి బదులు నీరు పొయ్యాలన్న మాట మన ఊళ్ళలో వినపడదు. ఇక్కడి లెక్క అక్కడ అతకదు, మన ఏళ్ళలో ఏడాదికి సగం కాలం ఇసుకే కనపడుతుంది. అయినా దిగువ బావివాడికి ఓ ఖాతా ఉంటే బాగుండును.

వెళ్ళేవాళ్ళకి ఒక గుర్తు. ఒడ్డుదాకా నీరు నిండి, కాటన్‌వుడ్ చెట్లు, బాతులు ఉంటే అది చాలావరకు నదితో కలిసిన గుంత. ఒడ్డున గడ్డి లేకుండా, మట్టం దిగి చుట్టూ బోడి రాతి అంచు కనపడితే గోడ కట్టినదన్నమాట. పిల్లలు రెండు మూడు చూశాక వాళ్ళే చెప్పేస్తారు. నీడ తక్కువ, మంచినీళ్ళ సీసాలు మరవకండి.