లష్కర్ నుంచి అక్కకు

సికింద్రాబాద్,
సోమవారం రాత్రి.

అక్కా,

క్షేమంగా చేరాను. బావగారికి చెప్పు. సాయంత్రం మోండా మార్కెట్ దాకా నడిచాను. కూరగాయలమ్మే పెద్దావిడ ఒకామె నాతో తెలుగులో బేరమాడుతూనే పక్కనున్నాయనకు దక్కనీలో చిల్లర లెక్క చెప్పింది. ఇంతలో వచ్చిన ముసలమ్మను తమిళంలో పలకరించింది. ఏం చదువుకున్నావమ్మా అంటే, "మాకెక్కడి సదువు బిడ్డా" అంది.

1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న దండు ఊరిది. పాతవాళ్లకు ఇప్పటికీ లష్కరే. సైన్యం వెంట తమిళులు, మరాఠీలు, పార్సీలు వచ్చి నిలిచిపోయారు. ఒకరి భాష ఒకరికి అంగట్లోనే అబ్బింది.

రేపు పంజాగుట్టలో పని ఉంది. నిమ్స్ ఆసుపత్రి కూడా చూసి వస్తాను. ఎందుకో మళ్లీ రాస్తాను.

బుధవారం.

అక్కా,

నిమ్స్ చూడాలనుకున్నది ఇందుకే: డాక్టర్ అల్లాడి సువర్ణ గారు మతిమరుపు రోగుల క్లినిక్ నడిపింది అక్కడే. ఆవిడ న్యూరాలజిస్టు. కేంబ్రిడ్జిలో జాన్ హాడ్జెస్ బృందంతో డిమెన్షియా మీద పనిచేశారు. జ్ఞాపకశక్తిని కొలిచే ఇంగ్లీషు పరీక్ష మనవాళ్లకు ఉన్నదున్నట్టు పనికిరాదని దాన్ని తెలుగుకు తగ్గట్టు మలిచారు.

2006–2012 మధ్య అక్కడికి వచ్చిన 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించారు. మతిమరుపు మొదట ఎప్పుడు కనబడిందో ఇంట్లోవాళ్లను అడిగి రాసుకున్నారు. ఆ రోగుల్లో 391 మందికి రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ భాషలు వచ్చు. ఒక్క భాషే వచ్చినవాళ్ల కంటే వీళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది! ఎడిన్‌బరో నుంచి థామస్ బాక్, ఉస్మానియా నుంచి దుగ్గిరాల వసంత గారు ఈ పనిలో తోడున్నారు. 2013లో 'న్యూరాలజీ' పత్రికలో వచ్చింది.

అంతకుముందు 2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ ఇలాంటి మాటే చెప్పారు. కానీ అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. ఆ మేలు భాషదా, వలసదా అన్న అనుమానం మిగిలింది. పుట్టినచోటే రెండు భాషల మధ్య బతికే మనవాళ్లతో ఆ చిక్కు తీరింది. చదువు రానివాళ్లలోనైతే తేడా సుమారు ఆరేళ్లు. నాకు వెంటనే మోండా మార్కెట్ పెద్దావిడ గుర్తొచ్చింది.

రెండు భాషలు వచ్చిన మెదడులో రెండూ ఎప్పుడూ మేలుకునే ఉంటాయి. ఒకటి పలకాలంటే రెండోదాన్ని అణచాలి. రోజూ జరిగే ఈ సాధన మెదడుకు తట్టుకునే శక్తినిస్తుందని వారి ఆలోచన. జబ్బు రాకుండా పోదు, వెనక్కి జరుగుతుంది. నయంచేసే మందు లేని జబ్బులో నాలుగున్నరేళ్లంటే తక్కువా? మనవళ్లను పేరుపెట్టి పిలవగలిగే కాలమది.

పక్షవాతం వచ్చిన 608 మంది మీద సువర్ణ గారి బృందం చేసిన ఇంకో అధ్యయనం 2016లో వెలువడింది. రెండు భాషలవాళ్లలో సుమారు 40 శాతానికి ఆలోచనాశక్తి చెక్కుచెదరలేదు. ఒక్క భాషవాళ్లలో అది 20 శాతమే. ఆ తర్వాత సువర్ణ గారు బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లారు.

చిన్నోడితో ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడమని బడివాళ్లు అన్నారని రాశావు. ఆ మాట వినకు అక్కా. బడిలో ఇంగ్లీషు నేర్చుకోనీ, ఇంట్లో తెలుగు మాత్రం మాన్పించకు. కింద వాటా సాయబుగారి పిల్లలతో ఆడుతూ ఉర్దూ పట్టుబడితే సంతోషించు. డబ్బు పెట్టి కొనలేనిది వాడికి వాకిట్లోనే దొరుకుతోంది. బావగారికి కూడా ఈ ఉత్తరం చదివి వినిపించు.

నీ తమ్ముడు