బలం కథలో.. బరువు సంచిలో!

పదేళ్లు దాటిన గేమ్ గురించి ఇప్పుడెందుకు అంటారా? ఆన్‌లైన్‌లో సేల్ పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు ‘విచర్ 3 కొనొచ్చా?’ అని అడుగుతూనే ఉంటారు కాబట్టి. కొనొచ్చు. కాకపోతే ఏది చూసి కొనాలో, దేన్ని ఓర్చుకోవాలో ముందే తెలిస్తే మంచిది.

పోలండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2015 మే 19న దీన్ని విడుదల చేసింది. హీరో పేరు గెరాల్ట్. పోలిష్ రచయిత ఆంద్రే సప్కోవ్‌స్కీ కథల్లోంచి వచ్చిన పాత్ర. రాజూ కాదు, రాకుమారుడూ కాదు. డబ్బులు తీసుకుని వింత జీవుల్ని వేటాడే పనిమనిషి లాంటివాడు. ఊళ్లో నోటీసు బోర్డు చూస్తాడు, ఆ ఇంటికెళ్లి బేరమాడతాడు, పని ఒప్పుకుంటాడు.

ఈ గేమ్ అసలు బలం వెలెన్ అనే ప్రాంతంలో కనిపిస్తుంది. బురద, చిత్తడి, యుద్ధంలో చితికిపోయిన పల్లెలు. బందరులో పెరిగినవాణ్ని కదా, పెద్ద పెద్ద కోటలకంటే ఆ బురదే నాకు ముందు నచ్చింది. అక్కడ ఒక బ్యారన్ ఉంటాడు. ‘నా పెళ్లాం, కూతురు కనిపించట్లేదు, వెతికిపెట్టు’ అంటాడు. వెతికేకొద్దీ తెలుస్తుంది.. వాళ్లు తప్పిపోలేదు, వాడి తాగుడూ దెబ్బలూ భరించలేక పారిపోయారు. పుట్టకముందే పోయిన బిడ్డ అక్కడ దెయ్యమై తిరుగుతుంటుంది. కత్తితో చంపెయ్యొచ్చు. లేదా తండ్రి చేత పేరు పెట్టించి, గడప కింద పూడ్పించొచ్చు. అప్పుడది ఇంటిని కాపాడేదవుతుంది. గడపకి పసుపు రాసే ఇళ్లలో పెరిగిన మనకి ఈ సీన్ ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడి జానపద నమ్మకం నేరుగా మనింట్లోకి వచ్చేస్తుంది.

ఇక లోపాలు. గెరాల్ట్ పెంచిన కూతురు సిరి ప్రాణాపాయంలో ఉంది, తొందరగా వెతకాలి అని కథ చెబుతుంది. మనం మాత్రం సత్రంలో కూర్చుని గంటలకొద్దీ గ్వెంట్ అనే పేకాట ఆడుకోవచ్చు. అడిగేవాడు లేడు. స్కెలిగె దీవుల దగ్గర సముద్రం నిండా మ్యాప్ మీద ప్రశ్నార్థకాలే. పడవేసుకుని ఒక్కోదాని దగ్గరికీ వెళ్తే చాలావాటిలో దొరికేది అదే సరుకు. పల్లెటూరి ఇంట్లో దూరి, వాళ్లు చూస్తుండగానే డబ్బాలు ఖాళీ చేసినా కిక్కురుమనరు. మా దివిసీమలో అయితే వాకిలి దాటనిస్తారా! అలా పోగేసిన సామాను బరువెక్కితే గెరాల్ట్ పరిగెత్తలేడు. కష్టపడి సంపాదించిన కత్తేమో నాలుగు లెవెల్స్ దాటగానే ఎందుకూ పనికిరాదు.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది భాష. గుడివాడలో ఉన్న మా పిన్ని కొడుకు ఈ గేమ్ మొదలుపెట్టి రెండు వారాల్లో పక్కన పడేశాడు. ‘ఏముంది అన్నయ్యా ఇందులో? కొట్టడం, ఏరుకోవడం!’ అన్నాడు. మాటలు వచ్చిన ప్రతిచోటా స్కిప్ నొక్కేశాడట. ఆ యాస, ఆ వేగం వాడికి అందలేదు. తెలుగు సబ్‌టైటిల్స్ లేవు. మాటలు తీసేస్తే ఈ గేమ్‌లో మిగిలేది సంచీ, లెవెల్సే. అంటే వాడికి లోపాలు పూర్తిగా అందాయి, బలం అస్సలు అందలేదు. వాడి తప్పేం లేదు.

తర్వాత ఫోన్‌లో బ్యారన్ కథ మొత్తం తెలుగులో చెప్పాను. గంటసేపు కదలకుండా విన్నాడు. విని, ‘ఇలాంటివి మన దగ్గర లేవా?’ అనడిగాడు.

లేకేం? 1977 నవంబర్ 19 ఉప్పెన గురించి మా అమ్మమ్మ చెప్పే మాటల్లో ఇంటికో కథ ఉంటుంది. రాత్రంతా తాడిచెట్టు పట్టుకుని బతికినవాళ్లు, చెయ్యి జారిపోయినవాళ్లు, ఆ తర్వాత ఎన్నేళ్లయినా సముద్రం వైపు వెళ్లనివాళ్లు. వేలమంది పోయిన రాత్రి అది. దాన్ని లెవెల్స్ ఉన్న ఆటగా మార్చమని నేను అనను. కానీ ఒక ఊరి దుఃఖాన్ని చులకన చెయ్యకుండా గేమ్‌లో చెప్పొచ్చని వెలెన్ చూశాక నమ్మకం కుదిరింది. కోడ్ రాసేవాళ్లు మన జిల్లాలో ఇంటికొకరు ఉన్నాం. అమ్మమ్మల్ని కూర్చోబెట్టి రికార్డ్ చేసుకునేవాళ్లే తక్కువ. వాళ్లున్నప్పుడే ఆ పని మొదలవ్వాలి.

ఇంతకీ కొనేవాళ్లకి నా సలహా.. సముద్రంలో ప్రశ్నార్థకాల్ని వదిలెయ్యండి. నోటీసు బోర్డు పనులు మాత్రం ఒక్కటీ వదలకండి. స్కిప్ బటన్ జోలికి పోకండి. ఇంగ్లిష్ అందకపోతే అందేవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆడండి.